కాలవ గట్టూ రోడ్డే: సి బుక్కు లేని బండ్ల గొడవ

ధాన్యం డబ్బులు చేతికందిన రోజుల్లోనూ, చేపల చెరువులు పట్టుబడి అయిన రోజుల్లోనూ డెల్టా పల్లెల్లో పాత మోటారు సైకిళ్ల బేరాలు జోరుగా సాగుతాయి. బండి చూస్తే మంచిదే. ఇంజను పొగ కక్కడం లేదు. టైర్లు ఇంకో ఏడాది లాగుతాయి. ధర మాత్రం బయటి ధరలో సగం. ఇంత చవకేమిటని అడిగితే అమ్మేవాడు దాపరికం లేకుండానే చెబుతాడు: "సి బుక్కు లేదండి. అయినా చెరువు గట్టు మీద మేత మోసుకునే బండికి సి బుక్కెందుకండి? ఆయ్, దానిమీద మీరేమన్నా హైదరాబాదు వెళ్తారేంటండి?"

బేరం అక్కడికి తెగుతుంది. రశీదు ఉండదు, సాక్షి ఉండడు, అమ్మినవాడి ఇంటిపేరు కూడా కొన్నవాడికి తెలియదు. బండి మాత్రం చేతులు మారుతూ పోతుంది. ఉండి నుంచి ఆకివీడుకు, ఆకివీడు నుంచి కైకలూరుకు, అక్కణ్ణుంచి ఏ కొల్లేటి గ్రామానికో. మొదట షోరూములో కొన్న మనిషి ఇప్పుడెక్కడున్నాడో, అసలున్నాడో లేడో ఎవరికీ పట్టదు. ప్రభుత్వం పుస్తకంలో మాత్రం ఆ బండి ఇంకా ఆయనదే. చిక్కంతా అక్కడుంది.

గట్టు ఎవరిది?

పొలానికీ చెరువుకీ మాత్రమే వాడుకునే బండికి రిజిస్ట్రేషను అక్కర్లేదన్నది పల్లెల్లో గట్టి నమ్మకం. చట్టం అలా చెప్పడం లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1న అమలులోకి వచ్చింది. దాని 39వ సెక్షను ప్రకారం రిజిస్టరు కాని మోటారు వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో గాని, మరే ఇతర ప్రదేశంలో గాని నడపకూడదు, యజమాని నడపనివ్వకూడదు. "మరే ఇతర ప్రదేశం" అన్న మాటతోనే చెరువు గట్టు వాదం సగం వీగిపోతుంది.

మిగిలిన సగం కాలవ గట్టు మీద వీగుతుంది. ప్రజలకు రాకపోకల హక్కు ఉన్న చోటల్లా బహిరంగ ప్రదేశమేనని అదే చట్టం నిర్వచించింది. తారు వేశారా, కంకర పోశారా, వట్టి మట్టేనా అన్నది లెక్కలోకి రాదు. ధవళేశ్వరం దగ్గర మొదలై తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో పారే కాలవల గట్ల మీద బడిపిల్లలు నడుస్తారు, పాల క్యాన్లు పోతాయి, గడ్డి మోపులు పోతాయి, అమ్మవారి జాతరలూ పోతాయి. ఆ గట్టు ఏ రైతు కమతమూ కాదు. పైగా బండి పెట్రోలు బంకు దాకా ఎగిరి వెళ్లదు గదా!

మినహాయింపులు లేకపోలేదు. నాలుగు చక్రాలకన్న తక్కువ ఉండి, ఇంజను సామర్థ్యం 25 సి.సి. దాటనివాటిని చట్టం మోటారు వాహనంగానే లెక్కపెట్టదు. కాని పల్లెల్లో తిరిగేవాటిలో అంత చిన్నది ఏదీ లేదు. వెనకటి లూనా, టీవీయస్ 50 బండ్లే 50 సి.సి.వి. నేడు కొబ్బరికాయల బస్తాలు మోసే ఎక్స్ఎల్ బండి దాదాపు 100 సి.సి. 250 వాట్లలోపు మోటారుతో గంటకు 25 కిలోమీటర్లకు మించని కరెంటు బండ్లకు వేరే మినహాయింపు ఉంది; అది వాటికే. ఫ్యాక్టరీ ఆవరణలోనో, చుట్టూ గోడ ఉన్న మరో ఆవరణలోనో వాడటానికే ప్రత్యేకంగా తయారైన వాహనాలు కూడా నిర్వచనం నుంచి బయట ఉన్నాయి. బుల్లెట్టునో రాజ్‌దూత్‌నో మడ్‌గార్డులు పీకి, గట్టి పట్టున్న టైర్లు ఎక్కించినంత మాత్రాన అది ఆ కోవలోకి రాదు.

కాస్త చట్టం తెలిసినవారు విశాఖ ఉక్కు కర్మాగారం కేసును చూపించవచ్చు. ఆ ప్రాంగణం లోపల మాత్రమే తిరిగే ఒక కాంట్రాక్టు సంస్థ వాహనాలకు ఆ కాలానికి పన్ను కట్టనక్కర్లేదని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన మాట నిజమే. కాని అది పన్ను గురించిన తీర్పు. రిజిస్ట్రేషను అక్కర్లేదని కాదు. అక్కడ ప్రహరీ ఉంది, గేటు ఉంది, అనుమతి లేనిదే ఎవరినీ లోపలికి పోనివ్వని కాపలా ఉంది. మన చెరువు గట్టుకి వెదురు కంప అడ్డం పెట్టి అదే న్యాయం వర్తించాలంటే కుదరదు.

ఇక ఈ మధ్య సముద్రతీరాల వెంబడి కుర్రకారుకు మోజు పుట్టిన డర్టు బైకుల సంగతి వేరు. కవాసాకీ కె.ఎల్.ఎక్స్. 110 వంటివి పందెపు మైదానాలకోసం అమ్మినవి. రోడ్డుకు పనికివస్తుందని పరీక్షించి ధ్రువీకరించిన పత్రం వాటికి మొదటినుంచీ లేదు. షోరూము బిల్లు ఉన్నా సరే, రవాణా కార్యాలయంలో వాటికి నంబరు రాదు. సెకండ్ హ్యాండులో కొన్నవాడికి అసలే రాదు. "నంబరు నేను వేయిస్తాను" అని ఏ బ్రోకరైనా డబ్బు అడిగితే ఇంకో బండి నంబరు దీనికి తగిలిస్తాడని అర్థం. అది తప్పు మీద తప్పు.

పది సెంట్లకున్న జాగ్రత్త

ఈ జిల్లాల రైతుకు కాగితాల విలువ తెలియదని ఎవరూ అనలేరు. పది సెంట్ల దిబ్బ కొనాలంటే ఈసీ తీయిస్తాడు, లింకు డాక్యుమెంట్లు చూస్తాడు, కరణం కాలం నాటి అడంగలు దాకా తవ్విస్తాడు. అన్నదమ్ముల సంతకాలున్నాయా, ఆడపిల్లల సంతకాలున్నాయా అని పదిమందిని అడుగుతాడు. అదే మనిషి నలభై వేల రూపాయల బండి దగ్గరకొచ్చేసరికి తాళం చెవి చేతికిస్తే చాలనుకుంటాడు. బండికీ లింకు డాక్యుమెంట్లు ఉంటాయి. మొదటి యజమాని నుంచి నేటి మనిషి దాకా ఒక్క మెట్టు ఊడినా పైన ఉన్నవాడు గాలిలో నిలబడ్డట్టే.

రిజిస్టరు కాని బండి నడిపినందుకు 192వ సెక్షను కింద మొదటిసారి 2,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా. మళ్లీ దొరికితే 5,000 నుంచి 10,000 దాకా, లేదా ఏడాది దాకా జైలు, లేదా రెండూ. బీమా లేనందుకు వేరే. ఇవన్నీ కట్టుకుని బయటపడవచ్చు. అసలు భయం జరిమానా కాదు.

అమ్మేస్తే తీరిపోదు

కొన్నవాడికన్న అమ్మినవాడే ఈ వ్యవహారంలో ఎక్కువ ప్రమాదంలో ఉంటాడన్న సంగతి చాలామందికి తెలియదు. ఎవరి పేర రిజిస్టరై ఉందో ఆయనే యజమాని అని చట్టం 2వ సెక్షను 30వ ఉపవిభాగం చెబుతోంది. బండి ఎవరి వాకిట్లో ఉంది, పెట్రోలు ఎవరు పోయిస్తున్నారు అన్నది దానికి అక్కర్లేదు.

2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చి చెప్పింది. 2009లో జరిగిన ఒక కారు ప్రమాదంలో ఒకరు చనిపోయారు, మరొకరికి గాయాలయ్యాయి. కారుకు బీమా లేదు. రికార్డులో పేరున్న మనిషి ఆ కారును అంతకు సుమారు రెండేళ్ల క్రితమే, 2007లో, అమ్మేశాడు. తర్వాత అది మరికొన్ని చేతులు మారింది. "నేనెప్పుడో అమ్మేశాను, నాకేం సంబంధం?" అన్నాడాయన. మామూలు మనిషికి ఆ మాట న్యాయంగానే తోస్తుంది. కోర్టు ఒప్పుకోలేదు. బదిలీ అయినట్టు రికార్డు మారనంత కాలం పరిహారం బాధ్యత రికార్డులో ఉన్నవాడిదేనని తీర్పు చెప్పింది. గాయపడ్డవాళ్లు, చనిపోయినవాళ్ల కుటుంబాలు బండి ఎన్ని చేతులు మారిందో వెతుక్కుంటూ ఊళ్లు తిరగాల్సిన పని లేదని న్యాయమూర్తులు భావించారు. ఆ మాటా న్యాయమే.

ఇప్పుడు దీన్ని మన గట్టు మీదకు తెచ్చి చూస్తే ఎలా ఉంటుంది? కడియం దగ్గర నర్సరీలో పనిచేసే ఒక కూలీ పదేళ్ల క్రితం కొన్న బండిని ఇంట్లో పెళ్లి ఖర్చులకని అమ్మేశాడనుకుందాం. సి బుక్కు ఎక్కడో పోయింది, కొన్నవాడు పట్టించుకోలేదు. బండి మూడు చేతులు మారి అమలాపురం వైపు వెళ్లింది. ఒక రాత్రి లైటు లేని ఆ బండి కాలవ గట్టు మీద నడిచివస్తున్న ముసలాయనను గుద్దింది. బీమా లేదు. ఉండే వీలూ లేదు. సి బుక్కు లేని బండికి ఏ కంపెనీ పాలసీ ఇస్తుంది? ముసలాయన కుటుంబం ట్రిబ్యునల్‌కు వెళితే నోటీసు వచ్చేది కడియం కూలీ ఇంటికి. లక్షల రూపాయల డిక్రీ అయితే ఆయన దగ్గర జప్తు చెయ్యడానికి ఏముంది? ఆయనా మునిగాడు, ముసలాయన కుటుంబానికీ పైసా దక్కలేదు. గుద్దినవాడి పేరు కేసులో ఉంటుంది, కాని వాడి దగ్గరా ఏమీ ఉండదు. చవక బేరం ఖరీదు ఇలా ముగ్గురు పేదవాళ్లు పంచుకుంటారు.

ఇంతా చేస్తే దీన్ని తప్పించుకోవడానికి అమ్మేవాడు చెయ్యవలసింది చాలా స్వల్పం. ఫారం 29 మీద సంతకం చేసి, రాష్ట్రంలోపలి అమ్మకమైతే 14 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజెయ్యాలి. కొన్నవాడు ఫారం 30తో 30 రోజుల్లో దరఖాస్తు చెయ్యాలి. "కొన్నవాడు చూసుకుంటాడులే" అని ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చెయ్యడం మన దగ్గర మర్యాదగా చెలామణీ అవుతోంది. ఖాళీ ప్రాంసరీ నోటు మీద ఎవరైనా అలా సంతకం పెడతారా?

పట్టణాల్లో ఆటో కన్సల్టెన్సీ బోర్డుల కింద జరిగే బేరాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. పాత బండ్లు కొని అమ్మే వ్యాపారి రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలి. అలాంటి వ్యాపారికి బండి అప్పగించినట్టు యజమాని ఫారం 29సి ద్వారా తెలియజేస్తే ఆ రోజు నుంచి బండి బాధ్యత వ్యాపారిదే. అమ్మేవారికి ఇంతకన్న రక్షణ లేదు. కాని అధికార పత్రం చూపించమని కన్సల్టెన్సీవారిని అడిగేవారు ఎందరు?

ఏ కాగితం లేదు?

"కాగితాలు లేవు" అన్న ఒక్క మాట వెనక పదిరకాల కథలుంటాయి. అన్నిటికీ ఒకటే మందు లేదు. బ్రోకర్లు మాత్రం అన్నిటికీ ఒకే రేటు చెబుతారు.

ముందుగా చెయ్యవలసింది బండి మెడ మీద, అంటే హ్యాండిల్ కింది గొట్టం మీద, కొట్టిన ఛాసిస్ నంబరునూ, ఇంజను నంబరునూ చూడటం. కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అచ్చు వస్తుంది. ఆ చోట ఆకురాయి పెట్టి గీకిన గుర్తులున్నా, అంకెలు వంకరగా ఉన్నా ఆ బండి వాకిట్లోంచి పంపించెయ్యడమే. అంకెలు శుభ్రంగా ఉంటే రవాణా కార్యాలయంలో రికార్డు చూపించుకోవచ్చు. నంబరు ప్లేటు మీది అంకెలతో ఫోనులోని ఎంపరివాహన్ యాప్‌లో కూడా కొంత వివరం తెలుస్తుంది. బండి దొంగతనం కేసుల్లో ఉందో లేదో చూసి చెప్పే సేవ జాతీయ నేర రికార్డుల బ్యూరో వారిదీ ఒకటుంది. దాని పేరు వాహన్ సమన్వయ్. ఈ పని చెయ్యకుండా సగం ధరకు కొన్నవాడు రేపు "నాకు తెలియదు" అంటే నమ్మడం పోలీసులకు కష్టం. దొంగసొత్తని తెలిసి గాని, నమ్మడానికి కారణం ఉండి గాని తీసుకున్నవారికి భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. సి బుక్కు లేకపోవడం, ధర సగం కావడం, ఈ రెండూ కారణాలే.

యజమాని బతికి ఉండి, పుస్తకం మాత్రమే పోతే పని తేలిక. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, ఫారం 26 మీద నకలు తీసుకోవచ్చు. గోదావరి జిల్లాల్లో ఇది కొత్త కాదు. 1986 ఆగస్టు వరదలో ఇంటి చూరు దాకా నీళ్లొచ్చిన లంకలున్నాయి. 1996 నవంబరు 6 తుపానుకు కోనసీమలో కొబ్బరిచెట్లతో పాటు ఇళ్ల పైకప్పులూ లేచిపోయాయి. అలాంటప్పుడు పొలం పట్టాలే మిగల్లేదు, బండి పుస్తకం ఎక్కడ మిగులుతుంది? అయితే నకలు అడిగే హక్కు రికార్డులో ఉన్న యజమానిదే. కొన్నవాడు వెళ్లి అడిగితే ఇవ్వరు. అందుచేత నకలు వచ్చేదాకా డబ్బు పూర్తిగా ఇవ్వకపోవడం మంచిది.

యజమాని చనిపోతే వారసులకు ఫారం 31 ఉంది. మరణించిన 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేసి, మూడు నెలల్లో దరఖాస్తు చెయ్యాలి. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావాలి. తండ్రి బుల్లెట్టు మీద మమకారం ఉన్న కొడుకులు చాలామందే ఉంటారు గాని, దాన్ని తమ పేరుకు మార్చుకోవాలన్న ఆలోచన అమ్ముకునే రోజు దాకా రాదు.

పోలీసులో, ప్రభుత్వ శాఖలో వేలం వేసిన బండి అయితే ఫారం 32 ఉంది. వేలం పత్రం ఒక్కటే దానికి ప్రాణం. తుక్కు కింద వేలం వేసినదా, నడిచే బండి కింద వేసినదా అన్నది ఆ పత్రంలోనే చూసుకోవాలి. ఫైనాన్సు బండి అయితే అప్పు తీరినట్టు కంపెనీ సంతకంతో ఫారం 35 కావాలి. వాయిదాలు కట్టలేదని సీజు చేసి తెచ్చిన బండ్లు మన వైపు చాలా చవకగా దొరుకుతున్నాయి. చవక ఎందుకో ఆ ఫారం అడిగితే తెలుస్తుంది.

యానాం నంబరు, హైదరాబాదు నంబరు

నంబరు ప్లేటు చూసి "మన బండే" అనుకోవడం ఇక్కడ ఇంకో పొరపాటు. యానాం మన మధ్యనే ఉన్నా అది పుదుచ్చేరి. పీవై 04 నంబరు బండి రవాణా శాఖ లెక్కలో పక్క రాష్ట్రపు బండి. అక్కణ్ణుంచి నిరభ్యంతర పత్రం, అంటే ఫారం 28, తెచ్చుకుని ఇక్కడ పన్ను కట్టి కొత్త నంబరు వేయించుకోవాలి. ఏడాదికి మించి ఇక్కడ ఉంచుకుంటే ఇది తప్పదు. కాలవ దాటి వచ్చిన బండికి ఇంత తతంగమా అని విసుక్కోవచ్చు. కాని చట్టానికి కాలవ కనబడదు, సరిహద్దు కనబడుతుంది.

ఏపీ 09, ఏపీ 28 నంబర్లు ఇంకా మోసపుచ్చేవి. ముందు "ఏపీ" అని ఉన్నా ఒకటి హైదరాబాదుది, రెండోది రంగారెడ్డిది. 2014 జూన్ 2 తర్వాత ఆ రికార్డులు తెలంగాణవి. తూర్పు గోదావరి ఏపీ 05, పశ్చిమ గోదావరి ఏపీ 37 అని పిల్లలకు కూడా నోటికి వచ్చిన రోజులుండేవి. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అన్న వరుస మొదలయ్యాక ప్లేటు చూసి జిల్లా చెప్పడం కుదరదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు కూడా విడిపోయాయి. పాత ఏపీ 05 బండి యజమాని నేడు కాకినాడ జిల్లాలో ఉండవచ్చు, కోనసీమలో ఉండవచ్చు, రాజమండ్రిలో ఉండవచ్చు.

దారి లేనివారు

ఇంతవరకు చెప్పినవాటికి ఏదో ఒక ఫారం ఉంది. ఏ ఫారమూ లేనివారు ఒకరున్నారు. ఆయనే మూడో చేతి నుంచో, నాలుగో చేతి నుంచో నిజాయితీగా డబ్బిచ్చి కొన్న మనిషి. రికార్డులో ఉన్న పేరు ఆయనకు తెలిసినా మనిషి దొరకడు. దుబాయి వెళ్లాడంటారు, ఊరు విడిచాడంటారు. దొరికినా "నా సంతకం కావాలంటే పదివేలివ్వు" అంటాడు. ఆ సంతకం లేనిదే ఫారం 29 లేదు, అది లేనిదే బదిలీ లేదు. సివిలు కోర్టులో తన హక్కు ప్రకటించమని దావా వేసుకోవచ్చు. ఇరవై వేల బండికి ఎన్ని వాయిదాలు తిరుగుతాడు? అందుకే కాగితం ఊసెత్తకుండా ఆయన కూడా ఆ బండిని "గట్టు బండి"గా ఇంకొకరికి అమ్మేస్తాడు. గొలుసుకు మరో కొక్కెం తగులుతుంది.

ఇక్కడ తప్పు పూర్తిగా కొన్నవారి మీద తొయ్యడం న్యాయం కాదు. చట్టం దొంగను అడ్డుకోవడానికి వేసిన గడియ దొంగకన్న పేద కొనుగోలుదారుకే ఎక్కువ అడ్డం పడుతోంది. దొంగకు నకిలీ పుస్తకం చేయించుకునే తెలివి ఉంటుంది.

వేరే దేశాల్లో దీనికి మార్గం ఆలోచించకపోలేదు. మన ఊళ్ల పిల్లలు ఎందరో ఉద్యోగాలు చేస్తున్న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, యాజమాన్య పత్రం లేని బండి కొన్నవారికి బాండు మీద పత్రం ఇచ్చే పద్ధతి ఉంది. బండి విలువకు ఒకటిన్నర రెట్లకు పూచీ బాండు కట్టాలి. అది మూడేళ్లు అమలులో ఉంటుంది. ఆలోగా అసలు యజమాని ఎవరైనా వచ్చి హక్కు రుజువు చేసుకుంటే ఆ బాండులోంచి ఆయన నష్టం తీరుతుంది. ఎవరూ రాకపోతే బండి కొన్నవాడిదే. బ్రిటనులోనైతే పుస్తకం లేని బండి కొన్నవారు వి62 అనే ఫారం మీద తామే దరఖాస్తు చేసుకోవచ్చు.

మన దగ్గర ఇదే తరహాలో ఒక దారి వెయ్యడం అసాధ్యమేమీ కాదు. దొంగ బండ్ల జాబితాలో లేదని పోలీసుల పత్రం, రికార్డులో ఉన్న చిరునామాకు రిజిస్టరు పోస్టులో నోటీసు, పంచాయతీ బోర్డు మీద ప్రకటన, 60 రోజుల గడువు, ఆ పైన ఒక బాండు. ఇవన్నీ అయ్యాక కూడా ఎవరూ రాకపోతే బండిని కొన్నవాడి పేర రాయడంలో ఎవరికి నష్టం? బీమా వస్తుంది. రేపు ప్రమాదం జరిగితే దెబ్బతిన్నవాడికి పరిహారం వస్తుంది. కడియం కూలీ లాంటివాడికి నోటీసు రాకుండా పోతుంది. దొంగలకు తలుపు తీసినట్టవుతుందని అధికారులు శంకించవచ్చు. దొంగ అరవై రోజులు పంచాయతీ బోర్డు మీద తన పేరూ ఛాసిస్ నంబరూ వేయించుకుని కూర్చోడు. ఫారాల నిబంధనలు కేంద్రానివి కనుక ఈ పని ఢిల్లీలో కావాలి. డెల్టా ఎంపీలు పార్లమెంటులో అడగదగ్గ సంగతే ఇది.

ఢిల్లీతో పనిలేకుండా ఇక్కడే చెయ్యగలిగినవీ ఉన్నాయి. పదిహేనేళ్లు నిండిన బండికి రిజిస్ట్రేషను మళ్లీ చేయించుకోవాలి. బ్రేకు ఇన్‌స్పెక్టరు బండిని చూడాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి మోటారు సైకిలుకు ఈ రుసుము 300 నుంచి 1,000 రూపాయలైంది. ఆలస్యమైతే నెలకు 300 అదనం. మూడేళ్లు మరిచిపోయినవాడికి అదనమే 10,800 అవుతుంది. ఇరవై ఏళ్లు దాటిన మోటారు సైకిళ్లకు 2025 ఆగస్టులో రుసుము 2,000 చేశారు. బండి ఖరీదు పదిహేను వేలు కూడా లేనప్పుడు ఎవరు కడతారు? కట్టరు, గట్టు మీద తిప్పుకుంటారు. పాత బండ్లు పోవాలన్న ఉద్దేశం మంచిదే కావచ్చు, కాని ఈ రుసుములతో అవి పోవడం లేదు, రికార్డులోంచి మాత్రం పోతున్నాయి.

లంక గ్రామాల సంగతి మరీ విచిత్రం. వంతెన లేని లంకకు పడవ మీద దాటించిన బండి మళ్లీ అవతలి ఒడ్డు ముఖం చూడదు. దాన్ని తనిఖీకి అమలాపురమో భీమవరమో తీసుకురావాలంటే పడవ కిరాయి, ఒక రోజు కూలి, బ్రోకరు ఖర్చు. రవాణా శాఖవారు ఏడాదికొక్కసారి, నీళ్లు తక్కువగా ఉండే వేసవిలో, లంకల రేవుల దగ్గర శిబిరం పెడితే ఈ బండ్లలో చాలా భాగం పుస్తకంలోకి వస్తాయి. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయ వ్యవస్థలో కంప్యూటరు ఉంది, మనుషులున్నారు. చనిపోయినవారి పేర ఉన్న బండ్ల జాబితా గ్రామంలో రాసుకుని, అదే శిబిరానికి తహసీల్దారు సిబ్బందిని కూడా పిలిస్తే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఫారం 31 ఒకే పూటలో పూర్తవుతాయి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కలెక్టరు ఉత్తర్వు ఒక్కటి చాలు. వేసవికి ముందే ఆ తేదీలు ప్రకటిస్తే లంకల వారు పడవలు మాట్లాడుకుంటారు.